జర చూడు: వనపర్తి బస్టాండు వాక్యమునకు టీకాతాత్పర్యములు

కోలాచల మల్లినాథసూరి, మన మెతుకుసీమ కొల్చారమువాడు, మూలము లేని మాట వ్రాయననియు, అక్కరలేని మాట పలుకననియు ప్రతిజ్ఞ చేసి కాళిదాస కావ్యములకు వ్యాఖ్యలు రచించెను. ఆ ప్రతిజ్ఞలో మొదటి సగము మాత్రమే ఈ వ్యాఖ్యాతకు సాధ్యము. మూలమైతే ఉన్నది. వనపర్తి బస్టాండులో కొత్తకోట బస్సునకై నేను నిలిచియుండగా, నా ప్రక్కనే పాలిటెక్నిక్ విద్యార్థి యొకడు తండ్రితో ఫోనున మాటలాడెను. స్పీకరు తెరచియుండుటచే ప్రశ్నయు ప్రత్యుత్తరమును రెండును నా చెవిని బడినవి.

మూలము:
“నాయినా, కాలేజిల అందరికి ఉన్నది, నాకు గూడ ఒక వర్క్‌స్టేషన్ గావాలె, పైసలు జర చూడు.”
“చూస్తం తియ్ బిడ్డా.”

ఈ వాక్యద్వయమున అర్థమంతయు ఉన్న పదములలో కాక లేని పదములలో దాగియున్నది. లేని పదమును వెలుపలినుండి తెచ్చి కూర్చుకొనుటకు మన వ్యాఖ్యాతలు అధ్యాహారమని పేరిడిరి. కంప్యూటరు కొట్టువారు దానినే ఎక్స్‌ట్రా అందురు.

నాయినా: సంబోధనము. ఇందు తుది అచ్చు ప్లుతము, అనగా మూడు మాత్రలది. అడుగబోవు మొత్తమునుబట్టి మాత్రలు పెరుగుట పాలమూరు విద్యార్థుల వ్యవహారమున సుప్రసిద్ధము. పరీక్షఫీజునకు రెండు మాత్రలు చాలును.

అందరికి: అతివ్యాప్తి దోషము. హాస్టలు గదికి నలుగురు. అందొకనికి మాత్రమే కంప్యూటరున్నది, అదియు వాని మేనమామది.

వర్క్‌స్టేషన్: ఇచ్చట కొంత నిలువవలయును. వనపర్తి రోడ్ అను రైల్వే స్టేషను వనపర్తిలో లేక మదనాపురమున నుండుట ఈ ప్రాంతమువారెల్లరు ఎరిగినదే. అట్లే వర్క్‌స్టేషను అను పేరుతో అంగడిలో అమ్ముడుపోవు పెట్టెలలో పెక్కింట వర్క్‌స్టేషను ఉండదు. ఆ శబ్దమునకు ముఖ్యార్థమేమనగా, జ్ఞాపకమున నొక్క బిట్టు తప్పినను తానే కనిపెట్టి దిద్దుకొనుటకై ప్రతి 64 బిట్లకును 8 కావలిబిట్లను నిలుపుకొను ఈసీసీ ర్యామును, ఇంజనీరింగు సాఫ్ట్‌వేరు కంపెనీలు పరీక్షించి ఆమోదించిన గ్రాఫిక్స్ కార్డును, రేయింబవళ్లు లెక్కలు కట్టినను వేడెక్కి సొమ్మసిల్లని దేహమును గల యంత్రము. దాని వెల లక్షలలో మాట. సినిమాల గ్రాఫిక్కులు కూర్చువారికిని, భారీ కట్టడముల బలాబలములు గణించువారికిని అది తగును. సివిలు డిప్లొమా రెండవయేడు చదువుచు, ఆటోక్యాడ్‌లో రెండు పడకగదుల ఇంటి ప్లాను గీయు బాలునకు ఆ ముఖ్యార్థము పొసగదు. ముఖ్యార్థము బాధింపబడినచో లక్షణ నాశ్రయింపవలయునని ఆలంకారికులు విధించిరి గనుక, ఇచ్చట వర్క్‌స్టేషను అనగా మంచి డెస్క్‌టాపు అని గ్రహింపదగును. “గంగలో గొల్లపల్లె” అన్నప్పుడు పల్లె ఒడ్డుననే యున్నట్లు, ఇదియు వర్క్‌స్టేషనునకు ఒడ్డున నుండును.

ఒడ్డుననున్న ఈ పెట్టెకు 16 జీబీల ర్యాము, సాధారణ హార్డుడిస్కునకు మారు ఎస్‌ఎస్‌డి, మధ్యతరగతి ప్రాసెసరు చాలును. ఆటోక్యాడ్ తన పనిలో చాలభాగము ఒక్క కోరుమీదనే నడపును గనుక, కోర్ల సంఖ్యను చూపి భ్రమపెట్టు అంగడివాని స్తోత్రపాఠమునకు లొంగరాదు. ఒక్కొక్క కోరునకెంత వేగమని అడుగవలయును. ఆటోడెస్కువారు విద్యార్థులకు ఆ సాఫ్ట్‌వేరును ఉచితముగనే, ఏటేట పునరుద్ధరించుకొను పద్ధతిని ఇచ్చుచున్నారు కనుక ఆ పద్దు వ్రాయ నక్కరలేదు.

ఇక అధ్యాహారములు. అంగడివా రిచ్చు కొటేషను చీటీలో ప్రాసెసరు పేరు పెద్దక్షరములలో నుండును. ఎస్‌ఎంపీఎస్ అను విద్యుత్తుపెట్టె పేరుండదు, ఉన్నను ఏ కంపెనీదో యుండదు. ఆ పెట్టె నాసిరకముదైనచో అది పోవునప్పుడు ఒంటరిగ పోదు, సహగమనమునకు మదరుబోర్డును గూడ తీసికొనిపోవును. యూపీఎస్ అను పదము చీటీలో నెన్నడును కానరాదు. మోటార్లు నడచు వేళల వోల్టేజి పడిలేచు మన ఊళ్లలో, 600 వీఏల చిన్న యూపీఎస్ యిచ్చు కొన్ని నిమిషముల గడువులో ఫైలు భద్రపరచి యంత్రమును ఆర్పుకొనవచ్చును. పాఠాంతరమొకటి: ఎస్‌ఎస్‌డి పెట్టెపైన 512 జీబీలని యుండును, తెరపైన 476 అని కనబడును. ఇది చౌర్యము కాదు. తయారీదారు వేయి చొప్పున గుణించును, కంప్యూటరు 1024 చొప్పున గుణించును. శాఖాభేదమే కాని దోషము లేదు.

పైసలు: బహువచనము. ఎన్నియో మూలము చెప్పదు. వెల 60,000 అని అంగడివాడన్నచో “జీఎస్టీ కలిపియా, కలుపకయా” అని తోడనే అడుగవలెను. కలుపకున్నచో 18 శాతము చేరి 70,800 అగును. చీటీ చివర అతిసూక్ష్మాక్షరములలో నుండు ఆ “అదనము” అను మాటకు 10,800 రూపాయల అర్థగౌరవము కలదు. భారవికి సైతము ఒక్క మాటలో నింత ఇమిడ్చుట సాధ్యము కాదు.

తక్కినది “నో కాస్ట్ ఈఎంఐ” అను నఞ్‌సమాసము. నఞ్‌కు ఆరర్థములు గలవని వైయాకరణులు లెక్కించిరి; వానిలో అభావ మొకటి, సాదృశ్య మొకటి, అల్పత్వ మొకటి. “నో” అనగా అభావమని విద్యార్థి గ్రహించును, అల్పత్వమని అంగడివాడు తలచును. సున్న వడ్డీ అనునదే లోకమున లేదని, ఆ వడ్డీ వేరొక రుసుము వేసమున వచ్చుచున్నదని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులను మందలించెను. నేటి పద్ధతిలో వడ్డీకి సరిపడు మొత్తమును ధరలో తగ్గించి చూపుదురు. కాని బ్యాంకు ఆ వడ్డీని వేయుట మానదు, వడ్డీ 4,000 ఐనచో దానిపై జీఎస్టీ 720 కట్టక తప్పదు, ప్రాసెసింగు ఫీజు వేరు.

పూర్వము గద్వాల, వనపర్తి, ఆత్మకూరు సంస్థానములకు తిరుపతి వేంకటకవులవంటివారు వచ్చి, అవధానములు చేసి, సమ్మానములు గొనిపోవుచుండిరి. ఆ వనపర్తి రాజసౌధముననే 1959లో నెహ్రూ పాలిటెక్నిక్‌ను ప్రారంభించెను. కవులు రాజు నడిగిన యింటనే నేడు బాలుడు చదువుచు అడుగుచున్నాడు; ఇచ్చు రాజు మాత్రము పానుగల్లు దాపున ఎకరమున్నర చెలకలో పల్లికాయ పీకుచున్నాడు. ఆయన కోశాగారము మార్కెట్‌యార్డు తక్‌పట్టీ, అనగా పంట అమ్మిన లెక్కచీటీ. అందును అడ్తిదారుని పాతబాకి పోగా మిగిలినదే.

జర: ఇది ఈ మూలమునకు ప్రాణము. ఉర్దూనుండి వచ్చిన ఈ పదమునకు కొంచెమని యర్థము. సంస్కృతమున జర యనగా ముసలితనము. కుమారుడు పలికినది దంత్య జకారము గనుక, కొంచెము చూడుమనియే యతని భావము. కాని వ్రాతలో దంత్యతాలవ్యములకు భేదము కానరాదు గదా! కాగితముపై చదివినచో “పైసలను, ముసలితనమును చూడుము” అని తేలును. వ్యాఖ్యాత కాగితముపై చదువువాడు. తండ్రి చెవితో విన్నవాడు. శ్లేష కవికి తెలియకయే పడినచో దానిని దోషమనవలెనా గుణమనవలెనా యని నేను నిర్ణయింపలేదు.

చూస్తం: ఉత్తమపురుష బహువచనము. తెలుగున మేము, మనము అని రెండు బహువచనము లున్నను క్రియకు రూపమొక్కటే. మేము చూస్తం అన్నచో తల్లిదండ్రులు మాత్రమే భారము మోయుదురు. మనము చూస్తం అన్నచో కుమారుడును అందు చేరును. ఈ రెండవ యన్వయమునకు బ్యాంకుశాస్త్రమున ఆధారము కలదు. బ్యాంకుల నమూనా విద్యాఋణ పథకమున, చదువు పూర్తి చేయుటకు అవసరమైనచో కంప్యూటరు వెలయు లెక్కకు వచ్చును. నాలుగు లక్షల వరకు తాకట్టు అడుగరు, తండ్రి సహఋణగ్రస్తుడుగ సంతకము పెట్టిన చాలును. చదువుకాలము, ఆపై నొక యేడు కిస్తీ లేదు; వడ్డీ మాత్రము సెలవు తీసికొనదు. ఒక్క యంత్రమునకై ఋణ మడుగుటకంటె ఫీజులతో కలిపి మొదటి సంవత్సరముననే దరఖాస్తులో దానిని చేర్చియుండుట లాభము. ఈ బాలునకు ఆ సంగతి చెప్పినవారు లేరు కాబోలు. ఉపకారవేతనముపై ఆశ పెట్టుకొని కొట్టువానికి వాయిదా చెప్పుట మాత్రము వలదు. దాని రాక పంచాంగమున కానరాని గ్రహణము.

తియ్: తీయు ధాతువు. దీనికి కర్మ లేదు. పెట్టెలోనుండి పాసుబుక్కు తీయుటయో, చిట్టీ పాట తీయుటయో, లేక సంభాషణ నింతటితో చాలించుటయో తెలియదు. అంగీకారమని కొందరు, వాయిదా యని పెక్కురు.

ఈ సందేహము తీర్చునది ఖిలవాక్యము. ఫోను పెట్టుటకు ముందు తండ్రి యొక క్షణము ఊరకుండి, “అవ్ గని, ఆ డబ్బా బస్సుల పడ్తదా?” అనెను. కొనబోని వస్తువు బస్సులో పట్టునో లేదో అడుగువాడు లోకమున లేడు. మీమాంసకులు లింగమని చెప్పు గుర్తు ఇదియే. కావున తియ్ అనగా సరే యనియే సిద్ధాంతము. సికింద్రాబాదు పార్కులేనులోని చెనాయ్ ట్రేడ్ సెంటరున కొని, ఎంజీబీఎస్‌లో బస్సెక్కించినచో, మూరెడు పైచిలుకు ఎత్తుగల క్యాబినెట్టు కాళ్లసందున పట్టును.

బాలుడు తల గోకికొని, “రెండు డబ్బాలుంటయ్, నాయినా” అనెను. మానిటరు సంగతి అప్పటివరకును ఆ సంభాషణలో ప్రసక్తమే కాలేదు. అవతలినుండి మాట వినబడకముందే కొత్తకోట బస్సు వచ్చెను గనుక, టీక యింతవరకే.