కంట్రోలర్‌గారి విమానం

మా అపార్ట్‌మెంట్‌లో ఎవరి పిల్లలు అమెరికా బయల్దేరినా ముందు కబురు వెళ్లేది మూడో అంతస్తులోని కంట్రోలర్‌గారికి. ఆర్టీసీ డిపోలో బస్సుల్ని వేళకి పంపించి రిటైరయ్యారాయన. ఇప్పుడు విమానాల్ని పంపిస్తున్నారు. జీతం లేదు, పంపమని ఎవరూ అడగనూ లేదు.

“మీ అమ్మాయుండే డల్లాస్ ఎంత దూరమండీ?” అన్నామా, ఆ పూట భోజనం ఆలస్యమే.

“తిన్నగా పోతే హైదరాబాద్ నుంచి 14,400 కిలోమీటర్ల దాకా ఉంటుంది. కానీ డైరెక్ట్ సర్వీసు లేదు. దుబాయిలో మారాలి. అక్కడికి రెండున్నర వేలు, అక్కణ్ణుంచి దాదాపు 13 వేలు.”

ఆ తిన్నని దారి ఉత్తర ధ్రువం పక్కనుంచి పోతుందంటారు. అమెరికా పడమర కదా అని నసిగితే వంటింట్లోంచి బత్తాయి, దారం వస్తాయి. ఇటు హైదరాబాద్, అటు ఇంచుమించు సరిగ్గా వెనకవైపు డల్లాస్. దారం బిగించి లాగుతారు. “తొడిమ పక్కనుంచి పోయిందా లేదా?” పోతుంది. “పాఠం అయితే ఆ కాయ ఇటివ్వండి, రసం తీయాలి” అంటారు లోపల్నుంచి పిన్నిగారు.

దుబాయి నుంచి డల్లాస్‌కి 16 గంటలు పడితే, తిరుగు ప్రయాణం గంటా గంటన్నర తక్కువ. పైన గాలి పడమటి నుంచి తూర్పుకి కొడుతుంది మరి. “ఆ గాలి మా డిపో మీద వీచుంటే కేఎంపీఎల్‌లో – అదే, మైలేజీలో – మమ్మల్ని కొట్టేవాడుండేవాడా?” అని నిట్టూరుస్తారు.

అమ్మాయి విమానమెక్కిన రాత్రి ఆయనకి నైట్ డ్యూటీ. ఫోన్‌లో మ్యాపు, పక్కన ఫ్లాస్కు.

“బండి ఇరాన్ దాటిందే!”

“పిల్ల ఏమన్నా తిందో లేదో?”

“అది ఇందులో చూపించదు. ఎత్తు 35 వేల అడుగులు.”

మొన్న అమ్మాయే ఫోన్ చేసింది. “దిగాం నాన్నా.”

“అప్పుడే ఎక్కడ? చక్రాలు నేలకి తగిలినంత మాత్రాన చేరినట్టు కాదు, స్టాండ్‌లో పెట్టాలి. ఇంకా గేటుకి రాలేదని చూపిస్తోంది.”

“నాన్నా, నేను కార్లో ఉన్నాను.”

“అయితే మ్యాపు కదల్లేదన్నమాట. ఉండు, నెట్ చూస్తాను.”

ఇంతా చేసి ఆయన విమానమెక్కింది లేదు. ఈ ఏడు అమ్మాయి ఇద్దరికీ టికెట్లు తీస్తానంది. పిన్నిగారు ఆవకాయ ప్యాకింగ్ దాకా వెళ్లిపోయారు. ఈయన మాత్రం ఒకటే టికెట్ చాలన్నారు.

“అదేంటండీ, మీరు రారా?”

“నేనూ ఎక్కి కూర్చుంటే ఇక్కడ బండిని చూసుకునేదెవరే?”