పుణ్యం గుట్ట మీద, ఖర్చు చేను మీద

చలికాలం పొద్దున వాకింగ్‌కు పోయేవాళ్ల చేతిలో కట్టె ఎందుకని మల్యాల దిక్కు ఎవరూ అడగరు. షుగరుకు నడక మంచిదని డాక్టర్లు చీటీలో రాస్తారు గాని కట్టె సంగతి రాయరు. అది మనమే కలుపుకోవాలి. మంచు కమ్మిన మక్కచేను గట్టు మీద ఎర్రమూతి కోతుల మంద ఎదురైతే నడక కాస్తా పరుగవుతుంది. షుగరు మాట దేవుడెరుగు, బీపీ మాత్రం లేస్తుంది. ఈ గోడు చెప్పుకుంటే ఎవరి దగ్గరైనా ఒకటే జవాబు: ‘అడవులు పోయినయి, పాపం అవెక్కడికి పోతయి?’ కొన్నాళ్లుగా ఈ ‘పాపం’ చెవిలో జోరీగై తిరుగుతున్నది. అడవులు తరిగిన మాట నిజమే. కరీంనగర్ దిక్కు గుట్టలు కొన్ని గ్రానైటు రాళ్లై ఓడలెక్కి చైనా దాకా పోయిన మాటా నిజమే. కానీ కోతిని చేన్లోకి దించింది అడవి లేమి ఒక్కటే కాదు, మన దానగుణం కూడా. కొండగట్టు దారిలో మనం పంచిన అరటిపండుకు బిల్లు కడుతున్నది కింద ఉన్న మక్క రైతు.

కొండగట్టు ఆంజనేయస్వామి గుడి మల్యాల మండలంలోనే ఉంది. ఊరందరికీ హనుమజ్జయంతి ఒకటైతే ఇక్కడ చిన్నదీ పెద్దదీ రెండు. మంగళవారం, శనివారం జనం సరేసరి. వచ్చినవాళ్లలో సగం మంది కారు అద్దం దించి కొబ్బరి ముక్కో అరటిపండో విసరందే గుట్ట దిగరు. ఇక కోతి వైపు నుంచి చూడండి. అడవిలో ఈ కాలంలో దొరికేది రేగుపండు: పైన ముల్లు, లోపల గింజ, మధ్యలో నాలుక్కి అంటేంత గుజ్జు. దారి మీద దొరికేది ఒలిచిన కొబ్బరి. ఈ రెండింట్లో ఏది లాభమో తేల్చడానికి కోతికి డిగ్రీ అక్కర్లేదు. తేరగా తిండి దొరికినచోట మంద పెరుగుతుంది, మనిషంటే భయం పోతుంది. జనం పలచబడిన రోజున ఆ పెరిగిన మందకు ఎవరు పెట్టాలి? అది చేన్లో దిగుతుంది. కంకి విరుస్తుంది, పొత్తు ఒలుస్తుంది, రెండు కొరుకులు కొరికి పారేసి పక్క కంకికి పోతుంది. పోయేటప్పుడు దవడ సంచుల నిండా గింజలు కుక్కుకుని, చెట్టెక్కి తీరిగ్గా నములుకుంటుంది.

స్వామి రూపానికి పెట్టడం తప్పా అని అడుగుతారు. హనుమాన్ దీక్షకు చన్నీటి స్నానం ఉంది, ఒంటిపూట భోజనం ఉంది, నేల పడక ఉంది. కారులోంచి పండు విసిరే నియమం ఏ గురుస్వామీ చెప్పలేదు. రామాయణంలోనే వానరులు మధువనాన్ని పాడుచేస్తే, కావలి ఉన్న దధిముఖుడు పోయి సుగ్రీవుడికి ఫిర్యాదు చేశాడు. సీత జాడ కనుక్కున్న సంబరమని గ్రహించి సుగ్రీవుడు వాళ్లను క్షమించాడు. మన కోతులు ఎవరి జాడ కనుక్కున్నాయని క్షమించాలి? పైగా మన దధిముఖుడు ఫిర్యాదు చేసుకుందామంటే వినే సుగ్రీవుడే లేడు. 2022 సవరణతో ఎర్రమూతి కోతి వన్యప్రాణి చట్టం షెడ్యూళ్లలోంచే బయటికొచ్చింది. అటవీశాఖను అడిగితే పంచాయతీని, పంచాయతీని అడిగితే దేవుణ్ణి చూపిస్తారు. కనుక ఆ పండును భక్తులే తింటే మేలు. పుణ్యం రాకపోయినా పొటాషియం వస్తుంది.

పట్టి దూరంగా వదలొచ్చు కదా అంటారు. దూరమంటే ఇంకో ఊరే. ఆ ఊరివాళ్లూ అదే ఆలోచన చేస్తే కోతులకు రాష్ట్రమంతా ఉచిత ప్రయాణం. నిర్మల్ దగ్గర 2020లో కుటుంబ నియంత్రణ ఆపరేషన్లకు కేంద్రం పెట్టారు, మంచిదే. కానీ ఆపరేషన్ సంతానాన్ని ఆపుతుంది గాని ఆకలిని ఆపదు. భయపెట్టే ఉపాయాలకైతే కొదవ లేదు. 2023లో జీ-20 సభలకు ఢిల్లీలోనే కొండెంగ బొమ్మలు నిలబెట్టారు. మనవాళ్లు ఒక అడుగు ముందే ఉన్నారు: 2022లో సిద్దిపేట జిల్లా కోహెడలో ఒక రైతు రోజుకు 500 రూపాయలిచ్చి, ఎలుగుబంటి వేషం వేసిన మనిషిని చేనుకు కావలి పెట్టాడు. ఇక్కడ వాకింగ్ మనిషికి పెద్ద చిక్కుంది. మన దిక్కు గుట్టల్లో అసలు ఎలుగుబంట్లూ ఉన్నాయి. మంచులో నల్లటి బొచ్చు ఆకారం కనబడితే అది అడవిదా, కూలీదా? తెల్లవారకముందే ఉంటే అడవిదే; కూలీది చాయ్ తాగనిదే డ్యూటీ ఎక్కదు. పొద్దెక్కాక ఉంటే కూలీదే కావచ్చు. అడవిది ఎక్కువగా రాత్రి షిఫ్టు. అసలు ఎలుగుకు చూపు తక్కువ, ముక్కు మాత్రం అమోఘం. దగ్గరికి పోయాక ఉలిక్కిపడి మీద పడుతుంది, అందుకే మాట్లాడుకుంటూ నడవడం మేలు. కూలీ ఎలుగుకు చూపు మంచిదే గాని, ముసుగులో సొంత చెమట తప్ప వేరే వాసన తెలియదు. రెండింటికీ చెల్లే మర్యాద ఒకటే: దూరం నుంచే ‘ఓ కాకా, మంచిగున్నవా’ అని కేకేయడం. కూలీదైతే పలుకుతుంది, అడవిదైతే తప్పుకుంటుంది, రెండూ కాకపోతే అది పత్తికట్టె కుప్ప. నిజం ఎలుగుబంటే వచ్చి చుట్టరికం కలిపితే ఆ 500లో ప్రమాద భత్యం ఉందా, సంక్రాంతికి సెలవుందా, ఉపాధి హామీలో ఈ పని చేరుతుందా అన్నవి కార్మిక శాఖ ఇంకా తేల్చలేదు.

నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది. కానీ పల్లికాయ వేయడం మానుకున్న రైతులున్నారు. చిక్కుడు తీగ విరగకాసే కాలంలో చిక్కుడుకాయ అంగట్లో కొంటున్న పల్లెలున్నాయి. కోతులకు ఇనుప బోను కావాలని అడిగిన జనం చివరికి తమ వరండాలకే జాలీలు బిగించుకున్నారు. 2015లో మొదలైన హరితహారం కోతులు వాపసు పోవాలని అడవిలో పండ్లచెట్లు పెట్టమన్నది. అదే కోతులు ఇంటి మీదికి రావద్దని ఊళ్లో జనం పెరట్లో జామచెట్టు కొట్టేస్తున్నారు. చేను పోతే పంచనామా చేయమని ఎవరినైనా అడగొచ్చు. చెట్టెక్కి దోరజామ కోసుకోవడం ఎరగకుండా పెరిగే పిల్లల నష్టాన్ని ఏ కాగితం మీద రాయాలి?