రెండు శాతం

మాచర్లలో విత్తనాల కొట్టు నడిపే కొడుకు, గురజాల వైపు మిరప, కంది పండించే తండ్రిని వెంటబెట్టుకుని గుంటూరులో క్యాన్సర్ డాక్టరు ముందు కూర్చున్నాడు. చేతిలో లామినేషన్ చేయించిన కాగితం. అయిదేళ్ళ కిందట తండ్రి క్లోమంలోంచి న్యూరోఎండోక్రైన్ గడ్డ తీసినప్పటి బయాప్సీ రిపోర్టు అది. కీ-67, 2 శాతం.

"నూటికి రెండు కణాలే చీలుతున్నాయంట సార్, మొదటి గ్రేడు. నిరుడు కాలేయంలో మచ్చలు కనపడ్డా ఈ కాగితం చూసుకునే ధైర్యంగా ఉన్నాం. మళ్ళీ ముక్క తీయాలన్నారు గానీ, పెద్దాయనకు సూదిపోట్లు దేనికని నేనే వద్దన్నా. నెలకో ఇంజెక్షన్ వేయిస్తున్నాం."

డాక్టరు పాత స్కానూ కొత్త స్కానూ పక్కపక్కన పెట్టి చూశాడు. మచ్చలు పెరిగాయి. ఈసారి పట్టుబట్టి కాలేయం నుంచి ముక్క తీయించాడు. ఫలితం వచ్చింది. 24 శాతం.

కొడుకు నిర్ఘాంతపోయాడు. "అదే గడ్డ గదా సార్!"

"పుట్టుక ఒకటే. పాకేకొద్దీ కణాల్లో కొత్త మార్పులు చేరతాయి. వడిగా చీలేవీ, మందును తట్టుకునేవీ మిగతావాటిని దాటిపోతాయి. ఒకే కాలేయంలో ఒక మచ్చ నిదానంగా ఉంటే పక్కది దూకుడుగా ఉండొచ్చు. 3 శాతం లోపు మొదటి గ్రేడు, 20 దాటితే మూడోది. గ్రేడు మారితే మందూ మార్చాలి. 1907లో ఈ జాతి గడ్డలకు కార్సినాయిడ్ అని పేరు పెట్టిన మ్యూనిక్ డాక్టరు ఓబెర్న్‌డార్ఫర్ కూడా ఇవి ప్రమాదం లేనివనే అనుకున్నాడు. 1929లో, ఇవి పాకగలవని తన మాట తానే దిద్దుకున్నాడు. మీ కాగితం అబద్ధం కాదు. ఆనాటి గడ్డకు అది నిజం."

"అయితే ఈ ఏడాదంతా..." కొడుకు గొంతు పూడుకుపోయింది.

అంతసేపూ మాట్లాడకుండా వింటున్న తండ్రి కొడుకు వైపు తిరిగాడు.

"ఏరా అబ్బాయ్, నీ కొట్లో విత్తనం సంచుల మీద మొలకశాతం రాసుంటది గదా. దానికి గడువెంత?"

"పరీక్ష చేసిన రోజు నుంచి తొమ్మిది నెలలు నాన్నా."

"అది దాటితే?"

"మళ్ళీ పరీక్ష చేయించందే అమ్మకూడదు."

"మరి నా శాతానికి అయిదేళ్ళ గడువు ఎట్టా ఇచ్చావురా?"