హీరోయిన్ ఫ్రెండుకు ఒక పేరు పెట్టండి సార్!

మన సినిమాల్లో హీరోయిన్ ఫ్రెండు ఉద్యోగం బహు సులువు. హీరో కనబడగానే "ఒసేయ్, నిన్నే చూస్తున్నాడే" అనాలి, భుజంతో భుజాన్ని పొడవాలి, పాటలో రెండో వరసలో చేతులూపాలి, ఇంటర్వెల్ లోపు మాయమైపోవాలి. ఆ పిల్ల ఇల్లెక్కడ, చదువేమిటి, ఏ హాస్టల్లో బిల్లు బాకీ పడింది... డైరెక్టరుకు అక్కర్లేదు. హీరోయిన్ కష్టాల్లో పడ్డప్పుడు కూడా ఆమెకు ఫోన్ చేయాలని ఎవరికీ తోచదు. అప్పటికి హీరో వచ్చేసి ఉంటాడు కదా!

తెర బయట సంగతి వేరు. తమిళనాడులో ధర్మపురి పక్కన మా ఇండూరులో ఇద్దరు ఆడవాళ్ళు ఎదురుపడితే మొదట వచ్చేది కుళు మాట. కుళు అంటే మీ డ్వాక్రా సంఘం లాంటిదే. ఈ నెల పొదుపు ఎవరు కట్టలేదు, లోను ముందు ఎవరికి, బ్యాంకుకు ఎవరెవరు పోవాలి. తమిళనాడులో మహిళా స్వయం సహాయక సంఘాలు పుట్టింది 1989లో, ఈ ధర్మపురి జిల్లాలోనే. అంటే ముప్పై ఏళ్ళకు పైగా ఇక్కడి ఆడవాళ్ళు ఒకరి అప్పుకు ఒకరు పూచీ ఉంటున్నారు. ఇదంతా ముద్దూ మురిపెం అనుకోకండి. కట్టలేని నెలలో ముఖం చాటేసి సందు మార్చి నడిచేవాళ్ళున్నారు, లెక్కల పుస్తకం మీద జుట్లు పట్టుకున్న రోజులున్నాయి, మర్నాడు ఆ గొడవపడ్డదాని ఇంట్లో కాన్పయితే రాత్రంతా కూర్చున్నదీ వాళ్ళే. కథకు ఇంతకన్నా ఏం కావాలో నాకు అర్థం కాదు. కాకపోతే ఇందులో పేలే వంతెన లేదు.

మగ స్నేహానికి మాత్రం మనవాళ్ళు లోటు చేయరు. 2022లో 'ఆర్ఆర్ఆర్'లో ఇద్దరు మగాళ్ళు స్నేహితులు కావడానికి నది, నిప్పు, రైలు, గుర్రం, మోటారుసైకిలు అన్నీ వచ్చాయి. ఆడ స్నేహమూ అదే ఏడు వచ్చింది: 'శాకిని డాకిని'. రెజీనా, నివేదా థామస్ పోలీసు ట్రైనింగులో జత. మనసు కుదుటపడేలోపే సంగతి తెలిసింది. అది కొరియా సినిమా 'మిడ్‌నైట్ రన్నర్స్'కు రీమేకు, అక్కడ ఆ ఇద్దరూ కుర్రాళ్ళే! ఊళ్ళో ఆడవాళ్ళను అడిగితే పనైపోయేదానికి, సియోల్ నుంచి ఇద్దరు మగపిల్లల్ని రప్పించి జడలు వేశారు.

అదే ఏడు 'ఆడవాళ్ళు మీకు జోహార్లు' కూడా వచ్చింది. జోహార్లు పోస్టరు మీద, లోపలంతా హీరోగారి పెళ్ళి బెంగ. సొంత కాళ్ళ మీద నిలబడ్డ హీరోయిన్ తల్లి ఖుష్బూకు పెళ్ళంటే గిట్టదు. ఆ గిట్టకపోవడం ఒక జబ్బు, దాని డాక్టరు హీరో.

అసలు ఒంటరిగా తిరిగే ఆడదాని కథ మా ఊరికి కొత్త కాదు. తగడూరు అనే ఈ ధర్మపురిని ఏలిన అదియమాన్, ఆయుస్సు పెంచే ఉసిరికాయ దొరికితే తను తినకుండా తమిళ కవయిత్రి ఔవైయార్‌కు ఇచ్చాడని చెబుతారు. 1953లో జెమిని వాళ్ళు ఆమె మీద సినిమా తీశారు, కె.బి. సుందరాంబాళ్ వేసింది. అందులో పెళ్ళి వద్దన్న పిల్ల వినాయకుడికి మొర పెట్టుకుని క్షణంలో ముసలిదైపోతుంది. ఆ తర్వాత ఎక్కడ తిరిగినా, ఏ రాజును కసిరినా అడ్డు లేదు. స్వతంత్రానికి సినిమా అప్పుడు అడిగిన వెల వయసంతా. ఇప్పుడు రేటు తగ్గింది: ఒక విడాకుల కాగితం, ఒక సిగరెట్టు, క్లైమాక్సులో కాసిని కన్నీళ్ళు.

ఆడవాళ్ళ జట్టు తెర మీద ఒక్కసారి సరిగ్గా కుదిరింది, చేసినవాడు మన సింగీతం శ్రీనివాసరావే. 1994లో కమల్ హాసన్ డబ్బు పెట్టగా తమిళంలో 'మగళిర్ మట్టుం' తీశారు. ఆఫీసులో చేయి వేసే పైవాడి మీద ముగ్గురు ఆడవాళ్ళు తిరగబడతారు. రేవతి, ఊర్వశి, ఊడ్చే పనిలో మన అనకాపల్లి రోహిణి. మెట్లు వేరైన ముగ్గురు ఒక్కటవడం అందులో అందం. అయితే మా బజార్లో ఆ సినిమా ఎత్తితే మగాళ్ళకు ముందు గుర్తొచ్చేది శవంగా వేసిన నాగేష్. ముగ్గురు బతికున్న ఆడవాళ్ళను ఒక చచ్చిన మగాడు మించిపోయాడు! నాగేష్ అంత బాగా వేశాడు, అది వేరే సంగతి.

తెలుగు కథారచయితలకు మా ఇండూరు ఆడవాళ్ళ తరఫున ఒక పిలుపు. కుళు కూటానికి రండి, వెనక చాప మీద కూర్చుని వినండి. 2021 మే నుంచి ఇక్కడ ప్రభుత్వ సాధారణ టౌన్ బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్టు లేదు, మీకు ఉంటుంది, చిల్లర తెచ్చుకోండి. "వచ్చేది ఎవరైనా సరే, ఆ నెల పొదుపు కట్టినాకే నోరు తెరవాల" అని మా లీడరక్క ఇప్పుడే చెప్పేసింది.