కల్పించిన అవగాహన

భద్రాచలం పక్క మండలంలో కొన్నేళ్లు ఓ పత్రికకు విలేకరిగా చేశాను. జీతం లేదు. వార్త ఎంత పొడుగు అచ్చయితే అంత డబ్బు. ఆ లెక్కన మా ఇంట్లో పొయ్యి వెలిగించిన పుణ్యం రెండు మాటలది: ‘అవగాహన కల్పించారు’. మార్చి 22 వస్తే నీటి మీద, మే 31కి పొగాకు మీద, జూన్ 5కి మొక్కల మీద, డిసెంబర్ 1కి ఎయిడ్స్ మీద. వార్త అదే, బ్యానర్ వేరు. బడి పిల్లల్ని ఎండలో నిలబెట్టి, ముందు వరసలో అధికారి ఫొటో దిగితే కల్పించడం పూర్తయినట్టే. ఓసారి పొగాకు ర్యాలీలో నాయకుడొకాయన బ్యానర్ చాటునే చుట్ట ముట్టించాడు. అదీ రాసి పంపాను. డెస్క్ వాళ్లు చుట్టను తీసేసి అవగాహనను ఉంచారు.

ఎవరికి కల్పించారో వాళ్లనడిగి రాసిన వార్త నా ఖాతాలో ఒక్కటీ లేదు. కల్పించడమంటే లేనిదాన్ని పుట్టించడమని కూడా అర్థముందని అప్పట్లో తట్టలేదు. తట్టి ఉంటే, రాసినవన్నీ అక్షరాలా నిజాలేనని హాయిగా నిద్రపోయేవాణ్ణి.

అసలు గుట్టు నిఘంటువులో దొరికింది. సంస్కృతంలో అవగాహనమంటే నీళ్లలో మునగడం, స్నానం చేయడం. లోతుకు దిగినవాడికే తెలుస్తుంది కాబట్టి తెలుసుకోవడమన్న అర్థం కూడా దానికి అంటుకుంది. నేనేమో ఏటా ‘నీటి పొదుపుపై అవగాహన’ అని రాస్తూ వచ్చాను!

ఈ జాతి మాటల్లో ఎవరి డ్యూటీ వారిదే. రెండు పార్టీలు సీట్లు పంచుకుంటే అవగాహన ‘కుదురుతుంది’. అక్కడ ఎవరూ ఎవరికీ కల్పించరు, బేరమాడతారు. ప్రభుత్వం, కంపెనీ కాగితాలు మార్చుకుని నవ్వితే అది అవగాహన ఒప్పందం. ఫ్యాక్టరీ వేరే వార్త, వస్తే. చైతన్యం ఇంకో మెట్టు పైది. 1982లో ఎన్టీఆర్ పాత షెవర్లే వ్యానుకు చైతన్యరథమని పేరు పెట్టాక ఆ మాటకు చక్రాలే వచ్చాయి. అప్రమత్తత పోలీసులది, అదీ దొంగతనం జరిగిన మర్నాడు. స్పృహ పాపం, పోవడానికే వార్తల్లోకి వస్తుంది. ఎవరికీ తెలియని సంగతి రాసి చివర ‘అన్న విషయం తెలిసిందే’ అని తగిలించడం నేనూ చేశాను. తెలియని పాఠకుడు సిగ్గుపడి నోరు మూసుకుంటాడు. చాలా ఉపయోగం.

ర్యాలీలన్నీ ఒక ఎత్తు, ఎయిడ్స్ ప్రచారానికని గోడల మీద కనిపించిన ‘పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?’ ఒక ఎత్తు. ఆ ప్రశ్నలో అవగాహనా లేదు, చైతన్యమూ లేదు. టీకొట్టు దగ్గర మాత్రం జనం వారాల తరబడి పులిరాజా గురించే మాట్లాడుకున్నారు. నా ర్యాలీ గురించి ఒక్కడైనా మాట్లాడితే ఒట్టు.

వరదలప్పుడు నా పెన్ను ‘లోతట్టు ప్రాంతాల ప్రజలు అప్రమత్తంగా ఉండాలి’ అని దానంతటదే రాసేది. మా ఏటిగట్టు వాళ్ల లెక్క వేరు. పొద్దున లేస్తూనే ‘ఎంతుంది?’ అంటారు. భద్రాచలం దగ్గర గోదారి 43 అడుగులంటే మొదటి హెచ్చరిక, 48 అంటే రెండోది, 53 అంటే మూడోది. 1986లో 75.6 అడుగుల గోదారిని చూసిన వాళ్లకు అంకె చెబితే చాలు, ఏ మూట ఎప్పుడు కట్టాలో చేతులకే తెలుసు.

ఓ ఏడు అలాగే నీళ్లు ఎక్కుతుంటే, పేపరు చేతిలో పట్టుకుని పెద్ద ఫోజుగా ఓ ముసలమ్మ దగ్గరికి వెళ్లాను. నా వార్తే చదివి వినిపించాను. ఆమె శ్రద్ధగా విని, మూట ముడి బిగిస్తూ అడిగింది:

“అప్రమత్తమంటే ఎన్నడుగులు బాబూ?”

“యాభై మూడు దాటిందవ్వా.”

“మరి పద” అని ట్రాక్టరు వైపు నడిచింది. ఆమె మేక అప్పటికే ఎక్కి కూర్చుంది.