చార్మినార్ కాకుండా ఇంకేమున్నది?

ఫిన్లాండ్ నుంచి మళ్ళీ కార్డొచ్చింది. మంచులో చెక్క చర్చి, దాని ముందు రెండు జింకలు. ఆ ఊరి జనమంతా కలిసినా మా గల్లీ అంత ఉండరట. అయినా ఆ ఊరికి తన బొమ్మతో ఒక పోస్టుకార్డుంది. బదులుగా నేను పాలమూరు బొమ్మ పంపాలి. మొదటినుంచీ నా కడుపుమంట అదే.

పోస్ట్‌క్రాసింగ్ అని 2005లో పోర్చుగల్ కుర్రాడొకడు పెట్టిన ఆట. ముక్కూమొహం తెలియని వాళ్ళకు మనం కార్డు రాస్తే, ముక్కూమొహం తెలియని ఇంకెవరో మనకు రాస్తారు. అందులో పరిచయమైన ఫిన్లాండ్ టీచరమ్మతో ఇప్పుడు నేరుగానే ఇచ్చిపుచ్చుకుంటున్నాను.

పాలమూరులో వెతికాను, నల్లగొండలో వెతికాను. రెండుచోట్లా క్లాక్‌టవర్ చుట్టూ ప్రదక్షిణలయ్యాయి. ఒకాయన పిల్లికూనల గ్రీటింగ్ కార్డు తీశాడు. ఇంకొకాయన పాస్‌పోర్టు సైజువి ఎన్ని కాపీలన్నాడు. మూడో ఆయన దుమ్ము దులిపి ఒక కట్ట తీశాడు: చార్మినార్, గోల్కొండ, మళ్ళీ చార్మినార్. "గివే ఉన్నయి సార్. అయినా గీ కార్డులెందుకు, ఫోన్ల పంపుండ్రి, పైస ఖర్చు లేదు." చార్మినార్ చూడాలంటే మేమే బస్సెక్కి పోవాలి. ఫిన్లాండ్‌లో మాత్రం అది మా పెరట్లో ఉందనుకుంటున్నారు.

మాకేం తక్కువ? గద్వాల కోట ఉంది, ఆలంపురం గుళ్ళున్నాయి. 1951లో వినోబా భూదానం మొదలైన పోచంపల్లిలో మగ్గాలున్నాయి. పానగల్లులో ఛాయా సోమేశ్వరుడున్నాడు. గర్భగుడిలో పొద్దంతా కదలని నీడ ఆయన ప్రత్యేకత. ఆ ఫొటో ఇస్తే స్టూడియో అబ్బాయి "లైటింగ్ బాలేదు సార్" అని నీడను తుడిచిపెట్టాడు.

చివరికి మా పాలమూరు పిల్లలమర్రి చెట్టునే నమ్ముకున్నాను. ఏడువందల ఏళ్ళదంటారు, మూడెకరాలకు పైగా పరుచుకుంది. ఆరంగుళాల కార్డులో మూడెకరాలెట్లా పడతాయి? దగ్గర్నుంచి తీస్తే ఊడలే, దూరం నుంచి తీస్తే అడవే. అసలు మొదలేదో ఆ చెట్టుకైనా గుర్తుందో లేదో. పాత ఫొటోలు తిరగేస్తే 2018 నాటిది దొరికింది. అంతకుముందు డిసెంబరులో పెద్ద కొమ్మ విరిగిపడింది, చెదలు పట్టిందని తేలింది. కొమ్మ కొమ్మకూ సెలైన్ సీసాలు కట్టి మందెక్కించారు. వందల సీసాలు! దాన్నే అచ్చు వేయించి పంపాను.

అప్పటినుంచి టీచరమ్మ ప్రతి కార్డులో చెట్టుకెలా ఉందని అడుగుతుంది. కోలుకుందని రాశాను. పథ్యమేమైనా ఉందా అంది. ఊడలు పెరుగుతున్నాయని రాశాను. సంతోషమంది. నాకు మోకాలు నొప్పి అని రాసిన కార్డుకు జవాబులో కూడా చెట్టునే పరామర్శించింది. మొన్నటి కార్డులో ఇంకో అడుగు ముందుకేసింది: చెట్లకే డ్రిప్పు పెట్టే ఊళ్ళో మనుషుల వైద్యం ఇంకెంత బాగుంటుందో అని. కార్డులో చోటు సరిపోలేదని రాశాను.

నిజానికి మా జిల్లాకు కార్డులు కొత్తేం కాదు. పాలమూరు లేబర్ మట్టి మోయని డ్యాములు, కాలువలు దేశంలో తక్కువ. అక్కడినుంచి వచ్చే కార్డులకు బొమ్మలుండేవి కావు. పసుప్పచ్చ అట్ట, రాసేది ఇంకెవరో, చదివేది ఇంకెవరో. మా వాడకట్టులో చదివే పని నాది. "మేము క్షేమం" అయ్యాక అసలు సంగతి మొదలయ్యేది: వానలు పడ్డయా, ఎడ్లను అమ్మకుండ్రి, మేస్త్రి ఇంకా పైసలియ్యలే. ఆ చివరి ముక్క దగ్గర ఒక అవ్వ మళ్ళీ చదవమనేది. చదివేవాణ్ణి. "మంచిగ సూడు బిడ్డా" అనేది. ఎంత మంచిగా చూసినా మేస్త్రి ఇచ్చేవాడు కాదు.

ఫిన్లాండ్ జింకలు నా ఆల్బంలో ప్లాస్టిక్ కవర్లో భద్రంగా ఉన్నాయి. ఆ పసుప్పచ్చ కార్డుల్లో ఒక్కటీ లేదు. మీ అటక మీద, పాత ట్రంకుపెట్టెలో అలాంటివి ఉంటే తూకానికి వేయకండి. ఎవరు, ఏ డ్యాము కాడినుంచి రాయించారో ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి ఒక చీటీ మీద రాసి దాంతోనే పెట్టండి.