తుది దశకు టీకా తాత్పర్యం

మూలం: “రాగి కలదు. అనుమతులు తుది దశలో ఉన్నవి. నిధుల సమీకరణ సంతృప్తికరముగా సాగుచున్నది. వాటాదారుల సహనమునకు డైరెక్టర్ల బోర్డు కృతజ్ఞతలు తెలుపుకొనుచున్నది.”

అవతారిక: ఈ గద్యం ఏ ఒక్క కంపెనీదీ కాదు. సౌదీ కొండల్లో లోహం వెతుకుతూ లండన్‌లోనో ఆస్ట్రేలియాలోనో అమెరికాలోనో వాటాలమ్మే చిన్న కంపెనీల ప్రకటనలన్నిటినీ ఒక గంగాళంలో పోసి మరిగిస్తే అడుగున మిగిలే ముద్ద ఇది. కర్త అజ్ఞాతుడు. కాలం నిత్యవర్తమానం. శాస్త్రానికి విషయం, ప్రయోజనం, సంబంధం, అధికారి అని నాలుగు అనుబంధాలు చెప్పాలి. విషయం రాగి. ప్రయోజనం లాభం. అధికారి, అనగా దీన్ని చదవడానికి అర్హుడు, జుబైల్‌లో ఇంజనీరుగా ఉన్న మా బావమరిది. సంబంధం సంగతి దిగువన తేలుతుంది.

ఈ అధికారి ప్రతి ప్రకటననూ నాకు పంపి “బావా, ఈసారి వాక్యం మారింది చూశావా?” అంటాడు. నిరుడు ‘ముగింపు దశ’ అన్నవాళ్ళు ఈసారి ‘తుది దశ’ అన్నారట. ఆ తేడా మీద అతను మనసులో రెండంతస్తుల ఇల్లు లేపేశాడు. గృహప్రవేశం రంజాన్ దాటాకనా, హజ్ దాటాకనా అన్నదొక్కటే తేలాలి. ఇంత వ్యాఖ్యాన ప్రతిభ పైపుల మధ్య వృథా కావడం చూడలేక నేనూ ఘంటం పట్టాను.

మెదక్ సీమ కొలిచారం వాడైన మల్లినాథసూరి, ఆధారం లేనిది రాయననీ అక్కర్లేనిది చెప్పననీ ఒట్టు పెట్టుకుని కాళిదాసుకు టీక రాశాడు. ఆ రెండు ఒట్లూ గనుల కంపెనీల చేత పెట్టిస్తే, మూలంలో మొదటి వాక్యం తప్ప తక్కినదంతా తెల్ల కాగితమే.

ప్రతిపదార్థం: సుగమం. అందరికీ తెలిసిందే గనుక విడిచాం.

“రాగి కలదు”: ఇక్కడ తర్కం ప్రవేశిస్తుంది. తర్కపాఠం చదివిన ప్రతివాడూ కొండ మీద నిప్పుందని రుజువు చేసినవాడే. పొగ కనిపిస్తోంది గనుక. గనులవాళ్ళకు ఆ పొగ గాసన్. భూమిలోని గంధకపు ఖనిజం గాలికీ నీటికీ కుళ్ళి, ఇనుప తుప్పు రంగులో పైన గట్టిగా మిగిలే కప్పు అది. తాయిఫ్‌కు ఆగ్నేయంగా వాదీ బిదాలోని హావియా దగ్గర అలాంటి తుప్పు గట్టు సుమారు నాలుగున్నర కిలోమీటర్లు సాగింది. 2019లో దాని కింద డ్రిల్లు దింపితే రాగి, జింకు, బంగారం, వెండి కలిసిన ఖనిజం తగిలింది. తర్వాతి లెక్కల్లో అది 2.9 కోట్ల టన్నులకు చేరింది. రాగి పాలు 0.89 శాతం. హేతువు దోషరహితం; అనుమానం, అనగా హేతువును బట్టి తేల్చిన నిర్ణయం, ప్రమాణం. కొండ మీద పొగ ఉంది, కొండ కింద నిప్పూ ఉంది. మా బావమరిది మాత్రం కొండ మీద లేడు. ఈ సంగతి ఏ ప్రకటనలోనూ ఉండదు.

“తుది దశలో ఉన్నవి”: ఉన్నవి అన్నారు గనుక లేనివాటి గురించి చెప్పాలి. కంపెనీవాళ్ళకు లేమి ఒక్కటే రకం. మన వాళ్ళకు నాలుగు. తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు తెలుగువాడు; అభావాన్ని నాలుగుగా పంచి పెట్టాడు. కుండ చేయకముందు మట్టిలో కుండ లేకపోవడం ప్రాగభావం. దానికి మొదలు లేదు, అంతం మాత్రం ఉంది. కుండ పుట్టగానే పోతుంది. కుండ పగిలాక కుండ లేకపోవడం ప్రధ్వంసాభావం. దానికి మొదలుంది, అంతం లేదు. మూడు కాలాల్లోనూ లేకపోవడం అత్యంతాభావం. గాలికి రంగు లేనట్టు. కుండ గుడ్డ కాకపోవడం అన్యోన్యాభావం. ఇంత చక్కని విభాగం చేతిలో పెట్టుకుని మన పిల్లలు షేర్లకు ఇంగ్లీషు పట్టికలు గీసుకుంటారు! కుండ రాకముందరి లేమినీ పగిలాకటి లేమినీ విడదీసి చూడగలిగినవాడికి బ్యాలెన్స్ షీటు ఒక లెక్కా? ప్రాగభావాన్ని అసలు ఒప్పుకోని వాదులూ ఉన్నారు. వాళ్ళతో తగువు పెట్టుకుంటే ఈ వ్యాసం చాలదు. ఒక్క మాట చెప్పి వదులుతాను: కుండ పుడితేనే అది ప్రాగభావం అని తెలుస్తుంది. పుట్టనంత కాలం అది ప్రాగభావమో అత్యంతాభావమో తేల్చడం కుమ్మరి తరం కూడా కాదు.

ఎక్కడున్నాం? అనుమతుల దగ్గర. అవి ప్రాగభావంలో ఉన్నాయని బోర్డు పక్షం. అందుకు ఒక దృష్టాంతం ఉంది కూడా.

నజ్రాన్ ప్రాంతంలోని అల్ మసానే. హాతిమ్ అల్ ఖాలిదీ అనే భూగర్భ శాస్త్రవేత్త 1967లో అక్కడ ప్రాచీనులు తవ్విన గుంతలు చూశాడు. ఆ ఏడే అమెరికాలో అరేబియన్ షీల్డ్ డెవలప్‌మెంట్ అనే కంపెనీ పుట్టి వాటాలమ్మింది. తవ్వకపు లీజు 1993లో వచ్చింది. వాణిజ్య ఉత్పత్తి 2012లో మొదలైంది. మేఘసందేశంలో యక్షుడు ధనాధిపతి కుబేరుడి కొలువులో తప్పు చేసి ఏడాది శాపం పొందాడు, ఆ ఏడాది నిండకముందే చిక్కి శల్యమై మేఘంతో మాట్లాడాడు. ఈ వాటాదారులు ఏ తప్పూ చేయలేదు, ఎదురుచూసింది 45 ఏళ్ళు. ఈలోగా కంపెనీ 1987లో టెక్సస్‌లో ఒక రిఫైనరీ కొని, దాని మీద బతికి, 2014కల్లా ట్రెకోరా అని పేరే మార్చుకుంది. అరేబియా రాగి కోసం డబ్బు పెట్టినవాడు చివరికి టెక్సస్ పెట్రోకెమికల్స్‌కు యజమాని అయ్యాడు. గనిలో మిగిలిన సుమారు మూడో వంతు వాటానూ కంపెనీ 2019లో 7 కోట్ల డాలర్లకు అమ్మజూపి, ఆ తర్వాత వదిలించుకుంది. 2022 మార్చిలో ఆ గని కంపెనీయే అమక్ పేర సౌదీ ఎక్స్ఛేంజీలో, షేరు 63 రియాళ్ళకు, ఆర్భాటంగా ప్రవేశించింది. కుండ పుట్టింది. మట్టి కొన్నవాడు మాత్రం అప్పటికి చావిడిలో లేడు.

“నిధుల సమీకరణ”: ఇక్కడ నాకు కోపం ఆగదు, టీకాకారుడికి కోపం తగదని తెలిసినా. సమీకరణ అంటే కొత్త షేర్లు అచ్చువేసి, మార్కెట్ ధర కంటే తక్కువకు, పెద్దవాళ్ళకు ముందుగా అమ్మడం. కొండ అంతే ఉంటుంది, పాలివాళ్ళు పెరుగుతారు. మా బావమరిది తన షేర్లు ఒక్కటీ అమ్మలేదు. అయినా కంపెనీలో అతని పాలు ఏడాదికేడాది చిక్కిపోయింది. కొత్త షేర్లు పుట్టిన రోజున మొదలై మళ్ళీ పూడనిది గనుక ఇదే ప్రధ్వంసాభావం. కంపెనీకి కూడా ఇదే జరుగుతుంది. 2006లో లండన్ ఎయిమ్ మార్కెట్‌లో చేరిన కెఫీ, పైన చెప్పిన హావియాను వెతికిన సౌదీ ఉమ్మడి సంస్థలో 40 శాతంతో మొదలై 15 శాతానికి వచ్చింది. అందులో దాపరికం లేదు. ఇథియోపియాలోని తమ బంగారు గని మీద దృష్టి పెట్టి, ఇక్కడి ఖర్చులో తమ వంతు పెట్టుబడి తగ్గించుకున్నామని వాళ్ళే చెప్పారు. కానీ హావియా టన్నులు పెరిగాయన్న వార్త విన్న చిన్నవాడు, తన పాలూ పెరిగిందనుకుంటాడు. 2024 జనవరిలో రియాద్ సభలో సౌదీ మంత్రి దేశపు ఖనిజ సంపద అంచనాను 1.3 లక్షల కోట్ల డాలర్ల నుంచి 2.5 లక్షల కోట్లకు పెంచినప్పుడు కూడా మా వాడు నాకు ఫోన్ చేసి “బావా, మనది డబుల్” అన్నాడు.

మనది! అవతారికలో బాకీపడ్డ సంబంధం ఇదే. ఘటం పటం కాదు, గని వాటా కాదు. అన్యోన్యాభావం.

పూర్వపక్షం: చిన్న గనుల కంపెనీలో డబ్బు పెట్టేవాడికి నష్టభయం తెలియదా? తెలుసు. కొండ మోసం చేస్తే అతను ఏడవడు. డ్రిల్లు ఖాళీగా వస్తే అతను సర్దుకుంటాడు. కొండ మాట నిలబెట్టుకున్నాక కూడా తన చేయి ఖాళీగా ఉండటం అతనికి అర్థం కాదు. దాన్ని అర్థం చేసుకోవడానికే రాత్రి షిఫ్టు దిగివచ్చి ప్రకటనల్లో విశేషణాలు లెక్కపెడతాడు.

ఫలశ్రుతి: స్తోత్రం చివర, దీన్ని చదివినవారికి ఐశ్వర్యం కలుగుతుందని ఉంటుంది. ఈ ప్రకటన చివర చిన్న అక్షరాల్లో, పైన చెప్పిన భవిష్యత్ సంగతులేవీ జరగకపోవచ్చుననీ, వాటిని నమ్మి ఎవరూ డబ్బు పెట్టరాదనీ ఉంటుంది. ఫలం లేదని ఒప్పుకునే ఫలశ్రుతి అలంకారశాస్త్రానికి కొత్త. సహనానికి కృతజ్ఞత చెప్పడం మాత్రం పాతదే, వ్యాజస్తుతి: పొగిడినట్టుండే తిట్టు. సహనం వాటాదారుడిది, జీతం బోర్డుది. ఆ కృతజ్ఞతల వాక్యం తీసేసి, అక్కడ నిరుటి షేర్లెన్ని, ఈనాటి షేర్లెన్ని, ఒక షేరుకు కొండలో వచ్చే రాగి ఎన్ని గ్రాములు అని మూడు అంకెలు వేయండి. మా బావమరిది ఇంజనీరు. తక్కిన లెక్క అతనే చేసుకుంటాడు.